చలి, బండి, తితిక్ష

తితిక్ష అంటే చలి, ఎండ, ఆకలి, దప్పిక, మానం, అవమానం వంటివాటిని ఓర్చుకోవడం. వేదాంతం నేర్వబోయేవాడికి ఉండాల్సిన ఆరు సంపదల్లో, అంటే శమాది షట్కంలో, ఇది నాలుగోది. వ్యాకరణం ప్రకారం ఈ మాట ‘తిజ్’ ధాతువు నుంచి వచ్చింది. ఆ ధాతువుకు అసలు అర్థం పదునుపెట్టడం. ‘సన్’ ప్రత్యయం చేరాక దానికి ఓర్చుకోవడం అనే అర్థం ఏర్పడింది. నిప్పునూ వెలుగునూ చెప్పే ‘తేజస్సు’ కూడా ఈ ధాతువు బిడ్డే. ఓర్పు అనగానే దెబ్బలు తింటూ బండరాయిలా పడి ఉండడం మనసుకు తడుతుంది గానీ, మాట పుట్టుకలో ఉన్నది రాయి కాదు, కత్తి అంచు. పుష్యమాసపు తెల్లవారుజామున బండి మీద పోయే మనిషి ఓర్పును తూచాలంటే ఈ తేడా తెలిసి ఉండాలి.

తితిక్షను బోధించిన పెద్దల ఎదుట ఉన్నది ఆసనం మీద కూర్చున్న యోగి, కాలినడకన తిరిగే సన్న్యాసి, బిచ్చానికి పోయే భిక్షువు. వాహనం మీద ఉన్న శిష్యుడు ఒక్క అర్జునుడే. చలి, వేడి ఇంద్రియాలకు విషయాలు తగలడం వల్ల పుట్టేవని, వచ్చిపోయేవని, వాటిని ఓర్చుకోవాలని గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది రథం మీద ఉన్నవాడికే. అయితే ఆ రథంలో అర్జునుడు వెనక కూర్చున్నవాడు, పగ్గాలు చెప్పేవాడి చేతిలో ఉన్నాయి. తన బండిని తానే నడుపుకుంటూ, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, ఒళ్లు కదలకుండా చలిలోకి దూసుకుపోయే మనిషి ఏ శాస్త్రం లెక్కలోనూ లేడు. అతను పడే చలి తపస్సా, మొండితనమా, ఉత్త బతుకుదెరువా అన్న ప్రశ్న ఉత్తర తెలంగాణ రోడ్ల మీద ఏటా కార్తికం నుంచి మాఘం దాకా లేస్తూనే ఉంటుంది.

పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు రాష్ట్రానికి ఉత్తరపు కొస. సముద్రం దూరం కాబట్టి రాత్రిని వెచ్చగా ఉంచే తేమ తక్కువ. ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో నేల పగటి వేడినంతా పైకి వదిలేస్తుంది, దానికి ఉత్తరపు పొడిగాలి తోడవుతుంది. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో 10 డిగ్రీల కిందికి దిగడం మామూలు సంగతి. కొన్నేళ్లు 5 డిగ్రీల దరిదాపులకూ పోతుంది. తిర్యాణి, బేల, సిర్పూర్-యు పేర్లు రాష్ట్రమంతటి పత్రికల్లో కనిపించేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. ఎముకలు కొరికే ఆ చలిని ఇక్కడి వాడుకలో ‘ఇగం’ అంటారు. గోదావరికి దక్షిణాన కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల వైపు చలి కాస్త మెత్తన, మంచు మాత్రం దట్టం.

ఈ చలి ఊరంతటా ఒకేలా పరుచుకుని ఉండదు. చల్లబడిన గాలి బరువెక్కి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. ఉట్నూరు నుంచి జైనూరు మీదుగా ఆసిఫాబాద్ పోయే దారిలో బండి దిగుడు దిగి వాగు మీది కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి ఎవరో చల్లనీళ్ల బకెట్ మొహాన కొట్టినట్టుంటుంది. ఎక్కుడు ఎక్కి మళ్లీ మిట్టకు చేరగానే గాలి కొంత వెచ్చబడుతుంది. రోజూ తిరిగేవాళ్లకు ఏ వాగు దగ్గర మెడ ముడుచుకోవాలో, ఎక్కడ వదులు చేయాలో చూడకుండానే తెలుసు. చలి అంతా మనసులోనే ఉందని చెప్పే వేదాంతి ఒకసారి ఆ కల్వర్టు దాటి చూడాలి.

ఆ వేళ రోడ్డు మీద ఉండేవాళ్లు ఎక్కువగా తప్పనిసరై వచ్చినవాళ్లే. రెండు పక్కలా క్యాన్లు వేలాడదీసుకుని డెయిరీకి పోయే పాలోళ్లు, పేపర్ వేసే పిల్లలు, మార్కెట్‌కు కూరగాయలు తెచ్చే రైతులు, మంచిర్యాల నుంచో ఆదిలాబాద్ నుంచో మారుమూల బడికి అప్ అండ్ డౌన్ చేసే టీచర్లు. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి వైపు మొదటి షిఫ్టుకు పోయే సింగరేణి కార్మికులు. భూగర్భ గని లోపల గాలి వెచ్చగా, చెమట పట్టేలా ఉంటుంది. రెండో షిఫ్టు దిగి అర్ధరాత్రి పైకి వచ్చి, ఆరని చెమటతో బండెక్కేవాడికి ఆ రెండు లోకాల మధ్య దూరం పది నిమిషాలే. వీళ్లందరి మధ్యలో, మెడలో మాలతో, ఒంటి మీద నల్లబట్టలతో, వట్టికాళ్లతో బండి మీద గుడికి పోయే స్వాములు. చలి ఇద్దరికీ ఒకటే గానీ, ఒకరు దాన్ని కోరి తెచ్చుకున్నారు, మరొకరి మీదికి అదే వచ్చి పడింది.

ముందు చలి ఎక్కడుందో తేల్చుకోవాలి. తెలుగువాడిగా పేరున్న అన్నంభట్టు రాసిన ‘తర్కసంగ్రహం’ స్పర్శను మూడు రకాలుగా విడదీస్తుంది. చల్లనిది నీటిది, వెచ్చనిది తేజస్సుది, ఈ రెండూ కానిది భూమికీ గాలికీ చెందినది. అంటే తార్కికుల లెక్కలో గాలికి సొంతంగా చలి లేదు. చల్లగా తగిలిందంటే అందులో నీటి అంశ కలిసి ఉన్నట్టే. నేటి భౌతికశాస్త్రం నీటిని గురించి ఈ మాట ఒప్పుకోదు గానీ, గాలి చలిని మోసుకురాదన్న సగం మాటను వేరే దారిలో ఒప్పుకుంటుంది. గాలి చేసేది ఒంటి నుంచి వేడిని ఎత్తుకుపోవడం. ఎంత జోరుగా వీస్తే అంత త్వరగా ఎత్తుకుపోతుంది.

దీన్ని కొలిచే పని మంచు ఖండంలో మొదలైంది. పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అంటార్కిటికాలో గాలికి నీళ్లు ఎంతసేపట్లో గడ్డకడతాయో గమనించి 1945లో లెక్కలు ప్రచురించారు. అమెరికా, కెనడా 2001లో ఆ లెక్కను సవరించి కొత్త సూత్రం తెచ్చాయి. ఆ సూత్రం ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల గాలి తగిలితే చర్మానికి అది ఐదున్నర డిగ్రీల చలి. 8 డిగ్రీల్లో 60 కిలోమీటర్ల గాలి అయితే దాదాపు 2 డిగ్రీలు. 5 డిగ్రీల్లో అదే గాలి అయితే సున్నాకు దిగువన మరో 2 డిగ్రీలు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కేవాడు ఆదిలాబాద్ గాలిలో ఉన్నా, అతని చెంపలు ఏ హిమాలయపు ఊళ్లోనో ఉన్నట్టు లెక్క. ఇందులో మరో విశేషముంది. ఈ సూత్రం కోసం పరీక్షించింది ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్న మనుషుల ముఖాలను. సైన్సు కూడా చలిని నడిచే మనిషితోనే కొలిచింది. కదలకుండా కూర్చుని గాలికి ఎదురు పోయేవాడి సంగతి ఇంతకన్నా అధ్వానమే.

బండి ఆపితే ఆ చలి సగం మాయమవుతుంది. గాలిలో వేడి అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. పోయింది వేగం ఒక్కటే. తగలడం వల్లనే చలి అని గీత చెప్పిన మాటకు ఇంతకన్నా నేరుగా ఉన్న ఉదాహరణ దొరకదు. కాకపోతే ఒక చిక్కుంది. గీత చెప్పిన చలి దానంతట అది వచ్చిపోయేది. బండి మీది చలిలో సగం, నడిపేవాడి తొందర పుట్టించింది. తాను పుట్టించిన దుఃఖాన్ని తానే ఓర్చుకుంటే దాన్ని తితిక్ష అనవచ్చా? యాక్సిలరేటర్ కాస్త వదిలితే తగ్గిపోయే బాధను పళ్లు బిగించి భరించడంలో గొప్పేమీ లేదు. డెయిరీ గేటు మూసే వేళకు చేరకపోతే పాలు తిప్పి పంపిస్తారని ఉరికేవాడి తొందర మాత్రం అతను పుట్టించింది కాదు.

దీక్షల సంగతి ఇంకా లోతైనది. అయ్యప్ప దీక్ష 41 రోజులు. సూర్యోదయానికి ముందూ సాయంత్రమూ చన్నీటి స్నానం, నేల మీద పడక, కాళ్లకు చెప్పులు లేకపోవడం దాని నియమాలు. కార్తికం నుంచి మకర సంక్రాంతి దాకా సాగే ఈ దీక్ష సరిగ్గా చలి ముదిరే రోజుల్లోనే పడుతుంది. కేరళ పశ్చిమ తీరపు శీతాకాలంతో పోలిస్తే ఆసిఫాబాద్ శీతాకాలం వేరే దేశంలాంటిది. కరీంనగర్ ప్రాంతంలో వాడుకైన మరో పెద్ద దీక్ష, కొండగట్టు ఆంజనేయస్వామి మాల, చైత్ర పౌర్ణమి చిన్న జయంతికి, వైశాఖంలో వచ్చే పెద్ద జయంతికి విరమించేది. దానికి పరీక్ష ఎండతో. ఉత్తర తెలంగాణ యువకుడు ఒకే ఏడాదిలో రెండు మాలలూ వేస్తే శీతోష్ణాలు రెండూ చూసినవాడవుతాడు.

చన్నీళ్లు, వట్టికాళ్లు, ఒకటే పంచె. ఈ నియమాలన్నీ నడిచే కాలంలో కుదిరినవి. నడిచే ఒళ్లు తన వేడిని తానే పుట్టించుకుంటుంది. నది నుంచి పైకి వచ్చిన మనిషి గుడి మెట్లు ఎక్కేసరికి ఒళ్లు కాగుతుంది, పాదం నేలను రాసుకుంటూ రక్తాన్ని లాక్కుంటుంది. అదే నియమాన్ని బండి మీదికి ఎక్కిస్తే పని తలకిందులవుతుంది. ధర్మపురిలో గోదావరి స్నానం చేసి, తడితల ఆరకుండానే జగిత్యాలకు బండెక్కినవాడి ఒంటి నుంచి ఆవిరైపోయే ఒక్కో గ్రాము నీరూ దాదాపు 580 కేలరీల వేడిని పట్టుకుపోతుంది. చల్లదనం నీటిదే అన్న అన్నంభట్టు మాట ఇక్కడ మాత్రం అక్షరాలా నిజమనిపిస్తుంది. కాలికి మరో శిక్ష ఉంది. గేరు మార్చాలంటే బొటనవేలి మొదట్లో ఇనుప లీవరు ఎత్తాలి. బూటు తొడిగిన కాలికి అది లెక్కలోకి రాదు. వట్టికాలికి, అందులోనూ చలికి బిగుసుకున్న కాలికి, నాలుగో గేరు దాకా పోయేసరికి లీవరు అంచు చర్మంలో దిగబడుతుంది. పాదయాత్రకు పెట్టిన నియమంలో ఈ నొప్పి లేదు. అందుకే పాత వ్రతాన్ని కొత్త వాహనం మీద పాటించేవాడు పాత పని చేస్తున్నానని అనుకుంటూ కొత్త పని చేస్తున్నాడు.

నడకలోని చలి ఎలా ఉంటుందో చూడాలంటే కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు రోజుల్లో మెస్రం వంశీయుల వెంట చూడాలి. ఇంద్రవెల్లి మండలంలోని ఈ గోండు దేవుడికి పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. అంతకు ముందు మెస్రంలు చెప్పులు లేకుండా కాలినడకన జన్నారం వైపు గోదావరి ఒడ్డునున్న హస్తినమడుగుకు పోయి, గంగాజలం తెచ్చి దేవుడికి అభిషేకం చేస్తారు. రోజుల తరబడి నడక, దారిలో ఊళ్లలో బస, తిరిగి వచ్చాక మర్రిచెట్ల కింద విడిది. ఏడాదిలో అత్యంత చలి రోజులవి. ఎవరూ దీన్ని తితిక్ష అని పిలవరు, దానికో సిద్ధాంతమూ రాసుకోరు. తెల్లబట్టల వరుస పొలాల గట్ల మీదుగా పొద్దున్నే కదిలిపోతుంది, పొద్దు గుంకేసరికి ఏదో ఊళ్లో మంట చుట్టూ ఆగుతుంది. నడక, మంట, మళ్లీ నడక. చలికి ఎంత ఇవ్వాలో అంతే ఇచ్చి, మిగతాది దాచుకునే పద్ధతి ఇది. ఇదే గోండుల దీపావళి దండారిలో గుస్సాడీలు దీక్ష ఉన్నన్నాళ్లూ స్నానమే చేయరు. రోజుకు రెండుసార్లు చన్నీళ్లు పోసుకోవడం ఒక చోట నిష్ఠ అయితే, నీళ్లు ముట్టకపోవడం మరోచోట నిష్ఠ. నిష్ఠ నీళ్లలో లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

చలిని ఎంత దాకా ఓర్చాలన్న ప్రశ్నకు ఈ నేల మీద చాలా పాత సమాధానాలున్నాయి. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద జినమూర్తులు, చక్రేశ్వరి బొమ్మ చెక్కి ఉన్నాయి. పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో అక్కడ వేయించిన శాసనంలో సంస్కృత, కన్నడాలతో పాటు తెలుగు కంద పద్యాలు ఉండడం వల్ల సాహిత్య చరిత్రలో ఆ గుట్టకు పెద్ద పేరు. ఆ గుట్ట మీది మతానికి చలితో పేచీ మరీ సూటి, ఎందుకంటే దిగంబర మునికి బట్టే లేదు. ‘తత్త్వార్థసూత్రం’ ముని ఓర్వవలసిన 22 పరీషహాలను చెబుతూ ఆకలి, దప్పికల వెంటనే మూడోదిగా చలిని పెట్టింది. వాటిని ఎందుకు ఓర్వాలో కూడా చెప్పింది. కర్మ రాలిపోవడానికి, మార్గం నుంచి జారకుండా ఉండడానికి. కఠినమైన మతంలో కూడా ఓర్పు ఒక గమ్యం కోసమే, ఓర్పు కోసం ఓర్పు లేదు. మార్గం నుంచి జారకుండా అన్న మాట మంచు పట్టిన తారురోడ్డు మీద వింటే దానికి ఇంకో అర్థం కూడా పలుకుతుంది.

బౌద్ధుల సమాధానం మరో రకం. గోదావరి ఒడ్డున అస్సక దేశంలో ఉన్న బావరి అనే వృద్ధుడు తన పదహారుగురు శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపిన కథ ‘సుత్తనిపాతం’లో ఉంది. ఆ బావరి ఉన్న చోటు నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తి గోదావరి లంక అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఆ పదహారుగురూ నడిచిన దారి మగధ దాకా. వాళ్లు కలిసిన గురువు ఒళ్లు ఎండబెట్టే తపస్సును ఆరేళ్లు చేసి, పనికిరాదని వదిలేసినవాడు. భిక్షువుకు ఎన్ని వస్త్రాలు ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయన చేసిన పని వినయపిటకం చెబుతుంది. వైశాలిలో మంచు కురిసే చలికాలపు రాత్రి బయట కూర్చున్నాడు. మొదటి జాము దాకా ఒక వస్త్రం సరిపోయింది. అది గడిచాక చలి వేసింది, రెండోది కప్పుకున్నాడు. నడిజాము అయ్యాక మూడోది, తెల్లవారుజామున నాలుగోది. తెల్లారాక, చలికి తాళలేని సుకుమారులు కూడా ఇంతతో గడుపుకోగలరని తేల్చి మూడు చీవరాలు అనుమతించాడు. పైన కప్పుకునే సంఘాటి రెండు పొరలది కాబట్టి మొత్తం నాలుగు పొరలే అయ్యాయి. నియమం పెట్టేముందు దాన్ని సొంత ఒంటి మీద, ఆ కాలంలో, ఆ చోట, జాముజాముకూ కొలిచి చూసిన శాస్త్రకారుడు అరుదు. భైంసా చలిలో బండి నడిపి చూశాక దీక్షా నియమాలు రాసే గురువు ఇంకా పుట్టవలసే ఉంది.

గీత కూడా రెండో అధ్యాయంతో ఆగలేదు. పదిహేడో అధ్యాయంలో తపస్సును మూడు విధాలుగా విడదీసి, పేరు కోసం, మెప్పు కోసం చేసేది రాజసమనీ, మూఢపు పట్టుదలతో ఒంటిని హింసించుకుంటూ చేసేది తామసమనీ చెప్పింది. యోగసూత్రాలకు వ్యాసభాష్యం తపస్సుకు ఒక హద్దు గీసింది. చిత్తం తేటగా ఉండడానికి అడ్డు రానంత వరకే తపస్సు. ఈ హద్దు బండివాడికి చక్కగా అతుకుతుంది. స్వెటర్ లేకుండా ఇంత దూరం వచ్చానని టీకొట్టు దగ్గర చెప్పుకునే కుర్రాడిది ఏ రకమో వేరే చెప్పక్కర్లేదు.

చలిలో విధికి సడలింపు ఇచ్చే పద్ధతిని వివరంగా తీర్చిదిద్దినవాళ్లు ముస్లిం ధర్మశాస్త్రజ్ఞులు. కరీంనగర్, నిర్మల్, ఆదిలాబాద్ పట్టణాల్లో తెల్లవారుజామున ఫజర్ నమాజుకు పోయేవాళ్లు వజూ చేసేది, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ మొహమూ కడుక్కునేది, కూడా ఆ ఇగంలోనే. కష్టమనిపించే వేళ వజూను నిండుగా చేస్తే పుణ్యమని హదీసు. అదే సంప్రదాయం తోలు మోజాలు తొడిగిన కాళ్లను ప్రతిసారీ కడగక్కర్లేదనీ, తడిచేత్తో పైన తుడిస్తే చాలనీ అంటుంది. ఊళ్లో ఉన్నవాడికి ఈ వెసులుబాటు ఒక పగలు, ఒక రాత్రి. ప్రయాణంలో ఉన్నవాడికి మూడు పగళ్లు, మూడు రాత్రులు. దారిన పోయేవాడి చలి ఇంట్లో ఉన్నవాడి చలి కాదని శాస్త్రమే గుర్తించింది. ఒక దండయాత్రలో అమ్ర్ ఇబ్నుల్ ఆస్ అనే సేనాని, గడ్డకట్టే రాత్రి చన్నీటి స్నానం మాని మట్టితో తయమ్ముమ్ చేసుకుని నమాజు నడిపించాడు. మిమ్మల్ని మీరు చంపుకోవద్దన్న ఖురాన్ ఆజ్ఞను కారణంగా చూపితే ప్రవక్త నవ్వి ఊరుకున్నారని హదీసు చెబుతుంది.

ఇక చెయ్యి. బండి మీది చలిలో ముందు పోయేది ధైర్యం కాదు, వేళ్లు. వేలి చర్మం 15 డిగ్రీల కన్నా చల్లబడ్డప్పటి నుంచి చేతి నేర్పు తగ్గుతుంది. 8 డిగ్రీల దగ్గర స్పర్శ దాదాపు తెలియకుండా పోతుంది. మొదట వణుకు, తర్వాత సూదులు గుచ్చినట్టు నొప్పి, ఆ తర్వాత హాయి. ప్రమాదమంతా ఆ హాయిలో ఉంది. చలి వేయడం లేదని మనిషి అనుకుంటాడు, నిజానికి కబురు మోసే నరం మొద్దుబారింది. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కొంకర్లు పోయిన వేళ్లు బ్రేకు లీవరు చుట్టూ మూసుకోవడానికి ఇంకో అర సెకను తీసుకుంటే 8 మీటర్లు పోయినట్టే. పొగమంచులో లైట్లు లేకుండా పోయే పత్తిబండికీ, బండి ముందు చక్రానికీ మధ్య ఉండే ఎడం చాలాసార్లు అంతే.

గుడిహత్నూరు దగ్గరో చొప్పదండి దగ్గరో రోడ్డు పక్క టీకొట్టు ముందు పొద్దున ఆరింటికి ఆగే పాలబండిని గమనిస్తే ఇదంతా కనిపిస్తుంది. బండి స్టాండు వేయడానికి అతను కాలు రెండుసార్లు తడుముకుంటాడు. చేతులకు ఉన్ని గ్లౌజులు, వాటి మీద ప్లాస్టిక్ కవర్లు, మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు. కవర్లు పళ్లతో లాగి తీస్తాడు, వేళ్లు పట్టు ఇవ్వవు. గుండీలు విప్పితే చొక్కాకూ బనీనుకూ మధ్య నిన్నటి దినపత్రిక, ఛాతీకి గాలి తగలకుండా. రెండు అరచేతులూ ఇంజను రెక్కల దగ్గర పెడతాడు, ఆనించడు. ఆనిస్తే మొద్దుబారిన చర్మానికి కాలిన సంగతి తెలియదని ఎప్పుడో నేర్చుకున్నాడు. గ్లాసు పట్టుకున్నాక రక్తం తిరిగి వేళ్లలోకి దిగేటప్పుడు మొహం ముడుచుకుంటాడు. చలి కన్నా చలి పోవడమే ఎక్కువ నొప్పి. నోటి వెంట ఒక్క మాటా రాదు. టీ డబ్బులిచ్చి, పేపరు సర్దుకుని, కవర్లు మళ్లీ తొడుక్కుంటాడు.

శంకరుల పేర ఉన్న ‘వివేకచూడామణి’ తితిక్షకు మూడు గుర్తులు చెప్పింది. దుఃఖానికి ప్రతీకారం వెతకకపోవడం, చింత లేకపోవడం, ఏడుపు లేకపోవడం. ఈ పాలాయన మొదటి గుర్తులో తప్పుతాడు. పేపరు, కవర్లు, గ్లౌజులు అన్నీ ప్రతీకారాలే. చివరి రెండింట్లో మాత్రం అతన్ని మించినవాడు దొరకడం కష్టం. స్వెటర్ వద్దన్న దీక్షాపరుడు మొదటి గుర్తులో నెగ్గి, దారంతా అబ్బా చలి అంటూ పోతే మిగతా రెండూ పోగొట్టుకుంటాడు. ఆ లక్షణాన్ని చెప్పింది సొంతమంటూ ఏమీ లేని సన్న్యాసి కోసం. అతని ఒళ్లు అతనికే చెందినది. వెనక భార్యా, ముందు ట్యాంకు మీద బిడ్డా కూర్చున్న బండిలో నడిపేవాడి చేతులు అతనివి మాత్రమే కావు. వాటిని చలికి అప్పగించే హక్కు అతనికి ఏ శాస్త్రం ఇచ్చిందో వెతకాలి. కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనసును పగ్గాలుగా చెప్పింది. పగ్గాలు పట్టే పిడికిలే తిమ్మిరెక్కితే ఎంత ఓర్పున్న సారథి అయినా ఏం చేయగలడు? పదునుపెట్టడం అన్న ధాత్వర్థం దగ్గరికే ఇది వచ్చి ఆగుతుంది. చలి తెలుస్తూ ఉన్నంతసేపూ ఓర్చుకోవడం తితిక్ష కావచ్చు. చలి తెలియకుండా పోయాక ఓర్చుకోవడానికి ఏమీ మిగలదు, మిగిలింది మొద్దుబారడమే.

తప్పనిసరి చలిని ఓర్పు అనవచ్చా అన్న అనుమానం ఇంకొకటి. షిఫ్టు వేళకు పోకపోతే హాజరు పోయేవాడికి ఎంచుకునే వీలు లేదు, వీలు లేనిచోట గుణం లేదని కొందరి వాదన. వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. గీత ఓర్చుకోమన్న చలి కూడా ఎవరూ ఎంచుకున్నది కాదు. వచ్చి పడినదాన్ని ఏడవకుండా దాటడమే అక్కడ అడిగింది. కోరి తెచ్చుకున్న చలికే ఇంకా ఎక్కువ సంజాయిషీ కావాలి. ఒంటిని కష్టపెట్టి పుణ్యం పోగేసుకునేవాళ్లను వేమన ఎద్దేవా చేసింది అందుకే.

వాడుక మాత్రం సిద్ధాంతం కన్నా ముందు నడుస్తోంది. నల్ల స్వెటర్, నల్ల శాలువా, నల్ల మంకీ క్యాప్ దీక్షలో మామూలైపోయాయి. రంగు కలిస్తే చాలు, ఉన్నిని ఎవరూ తప్పు పట్టరు. చెప్పుల దగ్గర పట్టు సడలలేదు. అందుకని కొందరు స్వాములు ఆ 41 రోజులూ బండి ఇంట్లో పెట్టి బస్సెక్కుతారు, గుడి దగ్గరుంటే నడుస్తారు. గొంగడి వేరే కథ. కురుమలు నేసిన నల్ల గొంగడి మంచును లోపలికి రానివ్వదు, ఎడ్లబండి కాలంలో దాన్ని మించిన కప్పు లేదు. మోటారుబండి వెనక కూర్చున్నవాడు అదే గొంగడి కప్పుకుంటే దాని చెంగు చైనులోనో చక్రంలోనో చిక్కుకుంటుంది. తెలిసినవాళ్లు చెంగులు రెండూ తొడల కింద నొక్కి పెట్టి కూర్చుంటారు.

కేస్లాపూర్‌కు మెస్రం కుటుంబాలు ఇప్పటికీ ఎడ్లబండ్ల మీద వస్తాయి. ఊళ్ల నుంచి పిల్లలు మోటారుబండ్ల మీద వస్తారు. రెండింటికీ పేరు బండే. మహాపూజ అయ్యాక తెల్లవారుజామున జాతర మైదానం పక్కన ఆపిన వందల బండ్ల సీట్లు మంచుకు తడిసి ఉంటాయి. సెల్ఫ్ పట్టక కిక్కు మీద కిక్కు కొడతారు, దస్తీతో సీటు తుడుస్తారు, అయినా పంట్లాం తడుస్తుంది. ఆ పక్కనే మర్రిచెట్ల కింద, హస్తినమడుగు దాకా నడిచి వచ్చినవాళ్లు నెగళ్ల చుట్టూ కూర్చుని ఉంటారు. ఇంజను వేడెక్కేదాకా బండ్ల పిల్లలు చేతులు చాపేది ఆ మంటల దగ్గరే. కూర్చున్నవాళ్లు కాస్త జరిగి చోటిస్తారు.